నేలను బట్టి ఒళ్ళు

పెరట్లో పూలకుండీ జరిపితే, పొలం గట్టున గడ్డి కోస్తుంటే, నిగనిగలాడే గోధుమరంగు జీవి ఒకటి సర్రున జారిపోతుంది. చూసినవాళ్ళలో కొందరు దాన్ని పాము అనుకుంటారు. ఇంకొందరు పాముకంటే ప్రమాదం అనుకుంటారు. నలికిరి, నలికీచు, నలికండ్లపాము అని ఊరిని బట్టి పేరు. నాకితే ఒళ్ళంతా విషమెక్కుతుందని, కరిస్తే మందు లేదని పిల్లలకు చెబుతూ వచ్చారు. ఆ మాట విన్న ఏ ఇంట్లోనైనా అది కనబడగానే ముందు కర్ర కోసమే చూస్తారు. కాబట్టి ముందుగా చెప్పాల్సింది ఇదే: ప్రపంచంలో ఏ నలికిరికీ విషం లేదు. గుప్పిట్లో గట్టిగా పట్టుకుంటే పెద్ద నలికిరి కరవొచ్చు. ఆ నొప్పి కాసేపటికి పోతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

నలికిరి బల్లి జాతి జీవి. శాస్త్రజ్ఞులు దీన్ని సిన్సిడే అనే కుటుంబంలో చేర్చారు. 1,700కు పైగా జాతులున్న ఈ కుటుంబం బల్లుల్లో అతి పెద్ద వాటిలో ఒకటి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మన దేశంలోనే అరవైకి పైగా జాతులున్నాయి, వాటిలో సగానికి పైగా ఇంకే దేశంలోనూ కనబడవు. ఇంత పెద్ద కుటుంబాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఒకే దారి కనిపిస్తుంది. అది ఏ నేల మీద తిరుగుతుందో, ఏ మట్టిలో దూరుతుందో చూడాలి. ఆ నేలే దాని ఒంటిని మలిచింది.

మనకు ఎక్కువగా కనబడే గడ్డి నలికిరి (యూట్రోపిస్ కారినేటా) నుంచి మొదలుపెడదాం. పొద్దున ఎండ కాస్త చురుక్కుమనే వేళకు ప్రహరీ గోడ వారన, రాళ్ళ కుప్ప మీద ఒళ్ళు చాపి కాచుకుంటుంది. సొంతంగా ఒంటి వేడి పుట్టించుకోలేదు కాబట్టి ఎండ తగిలాకే వేటకు బయలుదేరుతుంది. నాలుగడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే దాన్ని బాగా చూడొచ్చు. పైకప్పు మీద గూనపెంకులు పరిచినట్టు పొలుసులు ఒకదాని మీదికి ఒకటి వాలి ఉంటాయి. ఒక్కో పొలుసు కింద సన్నటి ఎముక పలకలు ఉంటాయి, అదే దాని కవచం. వీపు మీది పొలుసు మీద సాధారణంగా మూడు సన్నటి గీరలు తేలి కనబడతాయి. కంటి వెనక నుంచి రెండు పక్కలా లేత పసుపు చార తోక దాకా పోతుంది. మట్టి, తడి అంటని ఆ నునుపు వల్లే రాళ్ళ సందుల్లోకి అంత తేలిగ్గా జారిపోగలుగుతుంది.

కన్ను కూడా చూడండి. ఇంటి గోడ మీద పాకే బల్లికి కదిలే రెప్పలు లేవు, కంటి మీద దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. నలికిరి మాత్రం రెప్ప వేస్తుంది, కింది రెప్ప పైకి లేచి కన్ను మూస్తుంది. కొన్ని జాతుల్లో ఆ కింది రెప్ప మధ్యలో పారదర్శకమైన పొర ఉంటుంది. కన్ను మూసినా దాని గుండా చూపు సాగుతుంది, లోపలికి ఇసుక పడదు. ఇక నాలుక. రెండడుగులు వేసి ఆగి, నాలుక చాచి నేలను తాకి లోపలికి తీసుకుంటుంది. అలా తెచ్చిన వాసన కణాలను అంగిట్లో ఉన్న ప్రత్యేక అవయవం పసిగడుతుంది. మిడత ఎటు పోయిందో, మరో నలికిరి ఇటుగా వెళ్ళిందో దానికి అలాగే తెలుస్తుంది. నాకితే విషమన్న భయం ఈ అలవాటు చూసే పుట్టి ఉంటుందని నేననుకుంటాను.

తోక కథ అందరికీ కొంత తెలుసు. పిల్లి పంజా వేసినా, జెముడుకాకి ముక్కుతో పట్టినా తోక తెగిపోతుంది, నలికిరి బతికిపోతుంది. ఇది దెబ్బకు విరగడం కాదు. తోకలోని వెన్నుపూసల్లో చాలావాటికి మధ్యలో ముందే ఒక బలహీనమైన గీత ఉంటుంది. కండరాలు బిగిస్తే అక్కడ విడిపోతుంది, రక్తనాళాలు వెంటనే ముడుచుకుంటాయి. తెగిన ముక్క నేల మీద ఎగిరెగిరి పడుతూ శత్రువు చూపును తన మీదే నిలుపుతుంది. తర్వాత కొత్త తోక మొలుస్తుంది గానీ అందులో ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి గొట్టం ఉంటుంది. ఈ పనికి ఖర్చు పెద్దదే. నలికిరి కొవ్వును తోకలోనే దాచుకుంటుంది, తోక పోతే ఆ నిల్వంతా పోతుంది. అమెరికాలోని ఒక చిన్న నలికిరి జాతి ప్రమాదం తప్పాక అదే చోటికి తిరిగి వచ్చి, మిగిలి ఉంటే తన తోక ముక్కను తానే తినేస్తుంది.

మన తోటల్లో ఇటుకల కింద, చెత్త కుప్పల కింద దొరికే చుక్కల నలికిరి (రియోపా పంక్టాటా) పిల్లలకు తోక ఎర్రగా మెరుస్తుంది. పిల్లలకే దాడి భయం ఎక్కువ. వేటగాడి చూపు తల మీద కాక తోక మీద పడేలా ఆ రంగు చేస్తుంది. పెద్దయ్యాక ఎరుపు పోతుంది. ఎర్ర తోక ఉన్నందుకు ఈ పిల్లల్నే మనుషులు ఇంకా భయంకరమైన విషజీవులుగా లెక్కేసి చంపుతారు. నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది. ఈ చుక్కల నలికిరి ఒళ్ళు మరో సంగతి కూడా చెబుతుంది. గడ్డి నలికిరితో పోలిస్తే నడుము పొడుగు, కాళ్ళు పొట్టి. నింపాదిగా ఉన్నప్పుడు కాళ్ళతో నడుస్తుంది. బెదిరితే కాళ్ళు ఒంటికి ఆనించి మెలికలు తిరుగుతూ ఆకుల్లోకి దూరిపోతుంది.

ఆ పొట్టి కాళ్ళ దారి ఎటు పోతుందో చూడటానికి ఎడారికి వెళ్ళాలి. థార్ ఎడారి ఇసుక దిబ్బల్లో ఓఫియోమోరస్ రైత్మై అనే నలికిరి ఉంది. కాళ్ళకు మూడేసి వేళ్ళే. ముక్కు ఉలి ఆకారంలో ఉంటుంది. అది ఇసుక మీద తక్కువగా నడుస్తుంది, ఇసుక లోపలే ఈదుతుంది. పొద్దున్నే దిబ్బ మీద కనబడే వంకర గీత అది ఉపరితలానికి కాస్త కిందుగా వెళ్ళిన జాడ. దీని దూరపు బంధువు సహారాలో, అరేబియాలో ఉండే ఇసుక నలికిరి. 2009లో అమెరికాలోని జార్జియా టెక్‌లో డేనియల్ గోల్డ్‌మన్ బృందం దాన్ని సన్నటి గాజు పూసల తొట్టిలో వదిలి ఎక్స్-రే కెమెరాతో చూసింది. కాళ్ళతో తవ్వుకుంటూ పోతుందనే ఊహ నిలవలేదు. ఉపరితలం కింద అది నాలుగు కాళ్ళూ ఒంటికి ఆనించేసి, ఒంట్లో తల నుంచి తోక దాకా అల పుట్టిస్తూ ముందుకు పోయింది. ఇసుకలో ఉన్నప్పుడు దానికి కాళ్ళతో పనే లేదన్నమాట.

వేరే చోట్ల బతికేవి వేరే దారులు పట్టాయి. పశ్చిమ కనుమల్లోనే ఉండే రిస్టెల్లా ప్రజాతి నలికిరులు పిల్లుల్లా గోళ్ళను లోపలికి ముడుచుకోగలవు. సోలమన్ దీవుల్లో ఉన్న కోరూసియా జీబ్రాటా బతికున్న నలికిరుల్లో అన్నిటికంటే పొడవైనది, తోకతో కలిపి 80 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది, ఆకులు తింటుంది. పసిఫిక్ తీరాల మడ అడవుల్లో మరో నలికిరి ఆటు సమయంలో రాళ్ళ మీదికి దిగి చిన్న పీతల్ని వేటాడుతుంది. లదాఖ్‌లో మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో, చెట్టూ చేమా లేని రాళ్ళ మధ్య ఇంకో జాతి బతుకుతోంది. న్యూగినీలో కొన్నిటి రక్తం ఆకుపచ్చగా ఉంటుంది. మన ఒంట్లో కామెర్లు తెచ్చే కోవకు చెందిన పచ్చటి పదార్థం బిలివెర్డిన్, మనిషిని చంపేంత మోతాదులో వాటి రక్తంలో ఉన్నా అవి హాయిగా తిరుగుతాయి.

చలి ప్రదేశాలు ఇంకో మార్పు తెచ్చాయి. మన పెరట్లోని గడ్డి నలికిరి గుడ్లు పెడుతుంది, మట్టి వేడికి అవి పిల్లలవుతాయి. న్యూజిలాండ్ చల్లటి నేలలో ఆ వేడి లేదు. అక్కడి దేశీయ నలికిరుల్లో ఒక్క జాతి తప్ప మిగతావన్నీ పిల్లల్నే కంటాయి. తల్లి గుడ్లను కడుపులో మోస్తూ ఎండ ఉన్న చోటికి తానే నడుస్తుంది. ఆస్ట్రేలియాలో మూడు వేళ్ళ నలికిరి (సైఫోస్ ఈక్వాలిస్) ఈ మార్పు మధ్యలో ఉంది. కొన్ని చోట్ల గుడ్లు పెడుతుంది, కొన్ని చోట్ల పిల్లల్ని కంటుంది. 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఒక తల్లి ముందు మూడు గుడ్లు పెట్టి, కొన్ని వారాల తర్వాత అదే కాన్పులో పిల్లను కన్నది. జీవ పరిణామంలో లక్షల ఏళ్ళు పట్టే మలుపు ఒక్క తల్లి కడుపులో కనబడింది.

తైవాన్ దగ్గరి లాన్‌యూ దీవిలో యూట్రోపిస్ లాంగికాడాటా తల్లి గుడ్ల దగ్గరే ఉండి, వాటిని తినడానికి వచ్చే పాము మీద తిరగబడి తరిమేస్తుంది. ఇది మన గడ్డి నలికిరి ప్రజాతికే చెందినది. ఆస్ట్రేలియా మధ్య ఎడారిలోని పెద్ద నలికిరి (లియోఫోలిస్ కింటోరై) ఇల్లే కడుతుంది. తల్లీ తండ్రీ, వేర్వేరు కాన్పుల పిల్లలూ కలిసి తవ్వే సొరంగం 13 మీటర్ల దాకా పోతుంది. దానికి ఇరవై దాకా ద్వారాలుంటాయి, మలవిసర్జనకు విడిగా ఒక చోటు ఉంటుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో మైకేల్ బుల్ 1982 నుంచి దశాబ్దాల పాటు ఒక పొట్టి తోక జాతిని (టిలిక్వా రుగోసా) వెంబడించాడు. ప్రతి వసంతంలో అదే ఆడ, అదే మగ మళ్ళీ కలుసుకోవడం చూశాడు. కొన్ని జంటలు ఇరవై ఏళ్ళు దాటినా విడిపోలేదు. సరీసృపాలకు బంధాలుండవనే పాత మాట ఇక చెల్లదు.

ఇంతగా తన చోటుకు అతుక్కుపోయిన జీవికి ఆ చోటు మారితే ఏమవుతుందో హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి చూపించింది. అక్కడి నీలి తోక నలికిరి (క్రిప్టోబ్లెఫారస్ ఎజీరియై) ఒకప్పుడు ఇళ్ళ గోడల మీద కూడా కనబడేది. 1980ల్లో ఓడల సరుకుతో పాటు ఒక తోడేలు పాము జాతి దీవిలో దిగింది. మన ఇళ్ళలోకి వచ్చే, కట్లపాముగా పొరబడే ఆ తోడేలు పాముకు ఇది దగ్గరి చుట్టం. మన దగ్గర నలికిరులు, తోడేలు పాములు లక్షల ఏళ్ళుగా పక్కపక్కనే బతుకుతున్నాయి. తప్పించుకోవడం వీటికి తెలుసు. ఆ దీవి నలికిరులకు అలాంటి పాము ఎన్నడూ ఎదురుపడలేదు. 2010 తర్వాత అడవిలో ఒక్కటీ కనబడలేదు. అంతకుముందే పట్టి తెచ్చిన 66 నలికిరుల సంతతిని ఇప్పుడు పెంపకంలో వృద్ధి చేస్తున్నారు, 2019 నుంచి పాములు లేని కోకోస్ దీవుల్లో వదులుతున్నారు. క్రిస్మస్ దీవికే చెందిన అడవి నలికిరికి ఆ అదృష్టం లేదు. గంప్ అని పిలిచిన చివరి ఆడది 2014 మే 31న బోనులోనే చనిపోయింది, దానితో ఆ జాతి అంతరించింది.

మన గడ్డి నలికిరుల మూలం కూడా ఒక ప్రయాణమే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు భాగస్వామిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2012లో వీటి డీఎన్‌ఏను పోల్చి చూశారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పూర్వీకులు భారత భూభాగంలో స్థిరపడి, ఇక్కడి అడవి, గడ్డి, రాతి నేలలకు తగినట్టు చాలా జాతులుగా చీలాయని తేలింది. వాటిలో ఒకటి మన కృష్ణా తీరానిదే. నాగార్జునకొండ లోయలో దొరికిన ఒక నలికిరిని భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్.సి. శర్మ 1969లో కొత్త జాతిగా వర్ణించాడు. దాని పేరు ఇప్పుడు యూట్రోపిస్ నాగార్జునెన్సిస్. లోయ పేరు ఒక చిన్న బల్లికి అలా దక్కింది.

అయితే తూర్పు కనుమలు దాచుకున్న అసలైన సంపద ఇవి కావు. కాళ్ళు వదులుకుంటున్న దశలోనూ, పూర్తిగా వదిలేసిన దశలోనూ ఉన్న నలికిరులు ఇక్కడే ఉన్నాయి.

మట్టిలో బతికే జీవికి కాళ్ళు ఎందుకు అడ్డమో ఊహించడం కష్టం కాదు. వదులు మట్టిలో, తడి ఆకుల పొరల మధ్య సన్నటి సందుల్లోంచి పోవాలి. పక్కకు చాచిన కాలు ప్రతి వేరుకూ తగులుకుంటుంది. అలాంటి చోట నడుం పొడుగైనవి, కాళ్ళు పొట్టివి తేలిగ్గా కదులుతాయి, ఎక్కువ చెదపురుగులు తింటాయి, ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకుంటాయి. తరాలు గడిచే కొద్దీ వెన్నుపూసలు పెరుగుతాయి, వేళ్ళు ఒక్కొక్కటే తగ్గుతాయి, చివరికి కాలు పోతుంది. చెవి రంధ్రం చిన్నదవుతుంది, కన్ను కుదించుకుంటుంది, ముక్కు మొన తేలుతుంది. ఇదొక్కసారి జరిగిన మార్పు కాదు. నలికిరుల కుటుంబంలోనే వేర్వేరు కొమ్మల్లో ఎన్నోసార్లు విడివిడిగా జరిగింది. ఆస్ట్రేలియాలోని లెరిస్టా అనే ఒక్క ప్రజాతిలో తొంభైకి పైగా జాతులున్నాయి. ఐదు వేళ్ళున్నవి, మూడున్నవి, ఒక్కటే ఉన్నవి, అసలు కాళ్ళే లేనివి అన్నీ అందులో కనబడతాయి. పాములకు కాళ్ళు ఎలా పోయాయో శిలాజాల్లో వెతుక్కోవాలి. నలికిరుల్లో అదే మార్పు ఇప్పుడు బతికున్న జీవుల వరుసలో చూడొచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో పనిచేసిన సైనికాధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1870లో విశాఖపట్నం వెనుక కొండల నుంచి సెప్సోఫిస్ పంక్టాటస్ అనే జీవిని వర్ణించాడు. పొడుగాటి ఒళ్ళు, దానికి పేరుకు మాత్రమే మిగిలిన నాలుగు చిట్టి కాళ్ళు. ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. తర్వాత నూరేళ్ళు దాటినా దాని జాడ లేదు. 2013లో అనిరుద్ధ దత్తా-రాయ్, తోటి పరిశోధకులు తూర్పు కనుమల అడవుల్లో దాన్ని మళ్ళీ చూశామని, ఎలాంటి చోట ఉంటుందో వివరిస్తూ ప్రచురించారు. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది. దాని కోసం రాళ్ళు తిప్పి చూసినవాళ్ళే లేరు.

పూర్తిగా కాళ్ళు లేనిది మొదట ఒడిశాలో వార్తయింది. భారత జంతు సర్వేక్షణ సంస్థ తొలి సంచాలకుడు నెల్సన్ అన్నండేల్ చిలికా సరస్సులోని బార్కుడా దీవిలో దాన్ని కనుగొని, 1917లో బార్కూడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టాడు. ఒక సరస్సులోని ఒక చిన్న దీవికే పరిమితమైన వింతగా అది చాలాకాలం నిలిచింది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు వాల్తేరు మట్టిలోనూ కాళ్ళులేని నలికిరి ఉందని చూపించారు. విశాఖ ప్రాంతపు ఈ జీవిని ఇప్పుడు వేరే జాతిగా, 1801లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్నైడర్ పేరు పెట్టిన బార్కూడియా మెలనోస్టిక్టాగా లెక్కిస్తున్నారు. లక్షల మంది తిరిగే నగరం, దాని కింది మట్టిలో ప్రపంచంలో అతి కొద్ది చోట్ల మాత్రమే ఉన్న జీవి! విశాఖలో చదువుకున్న ఎంతమందికి ఈ సంగతి తెలుసో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

వీటికి కావలసింది పెద్దదేమీ కాదు. వదులు మట్టి, దాని మీద కుళ్ళుతున్న ఆకుల దుప్పటి, వేసవిలో కూడా ఆరని కాస్త తడి, కదల్చని రాళ్ళు. కొండ వాలును చదును చేసి ఇళ్ళ స్థలాలు వేస్తే, ఎండాకాలంలో అడవి నేలకు నిప్పు పెడితే ముందు పోయేవి ఇవే. పెద్ద జంతువు పక్క కొండకు పరుగెడుతుంది. మట్టిలో అంగుళాల లెక్కన కదిలే జీవికి పక్క కొండ లేదు.

విశాఖ, అనకాపల్లి, అల్లూరి జిల్లాల్లో తోట పనులు చేసేవాళ్ళు, పునాదులు తవ్వేవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. మట్టిలోంచి గోధుమరంగు, కాళ్ళులేని, వానపాము కంటే లావైన నునుపు జీవి బయటపడితే కాసేపు చూడండి. కట్లపాము, నాగుపాములకు పొట్ట కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా అడ్డంగా వెడల్పాటి పలకలుంటాయి. కాళ్ళులేని నలికిరికి పొట్ట కింది పొలుసులూ వీపు మీది పొలుసులూ ఒకే రకం. కన్ను చిన్నదే అయినా దానికి రెప్ప ఉంటుంది. గుడ్డిపాముకు కూడా ఒళ్ళంతా ఒకే రకం పొలుసులే, కానీ దాని కన్ను పొలుసు కింద నల్ల చుక్కలా ఉంటుంది, రెప్ప వేయదు. అదీ మనిషికి హాని చేయదు. ఏదో తేలకపోతే చేత్తో ఎత్తవద్దు. పారను ముందుకు పోనివ్వకుండా ఆపి, తల, పొట్ట, తోక కనబడేలా నాలుగు ఫోటోలు తీసి, ఏ ఊరు, ఏ చోటు, ఎంత లోతు రాసి దగ్గరి విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానికి పంపండి. తర్వాత దాన్ని దొరికిన చోటికి దగ్గరలోనే, ఆకులున్న నీడలో, తడి మట్టి మీద వదిలితే చాలు. లోపలికి దూరడానికి దానికి ఎక్కువ సేపు పట్టదు.